సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ: రిపేరు బిల్లు అసలు ఎక్కడ పెరుగుతుంది?

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య, క్రాంక్‌షాఫ్ట్ చివర ఒక రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది. కారు మొత్తంలో చవకైన సామాన్లలో అదొకటి. అది కారడం మొదలుపెడితే మాత్రం గేర్‌బాక్స్ దించకుండా మార్చడం కుదరదు. డ్రైవ్ షాఫ్టులు ఊడదీయాలి, చాలా బళ్లలో కింద సబ్‌ఫ్రేమ్ కూడా దించాలి, ఆల్ వీల్ డ్రైవ్ అయితే వెనక చక్రాలకు శక్తి పంపే యూనిట్ అడ్డం వస్తుంది. చివరికి చేతికొచ్చే బిల్లులో సీల్ ధర ఎక్కడో ఒక వరసలో కనపడుతుంది, మిగతాదంతా లేబరే. పాత బండి కొనేవాళ్లు సాధారణంగా 'ఈ మోడల్‌లో ఏ పార్టులు పోతాయి?' అని అడుగుతారు. ఆ ప్రశ్నతో బిల్లు అంచనా దొరకదు. పోయే పార్టు ఎక్కడ ఉంది, దాన్ని చేరుకోవడానికి ఎంత విప్పాలి, అది పోతూ పోతూ ఇంకా దేన్ని పాడుచేస్తుంది అన్నవి తెలిస్తేనే ఖర్చు అర్థమవుతుంది.

కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో ఈ లెక్క మరీ ముఖ్యం. ఎందుకంటే వీటిలో చాలావాటికి అడుగున ఉన్నది ఒక హ్యాచ్‌బ్యాకో, సెడానో. అదే ప్లాట్‌ఫారం మీద ఎత్తు పెంచి, బరువు పెంచి, పెద్ద చక్రాలు వేసి, పొగ నిబంధనల కోసం చిన్న టర్బో ఇంజన్ పెట్టారు. బరువు పెరిగితే బుష్‌లు, వీల్ బేరింగులు, బ్రేకులు త్వరగా అరుగుతాయి. చిన్న ఇంజన్ పెద్ద బండిని లాగుతుంటే లోపల వేడి, ఒత్తిడి ఎక్కువ. పైగా బానెట్ కింద చెయ్యి పట్టే చోటు ఉండదు కాబట్టి చిన్న పనికి కూడా గంటల లేబర్ పడుతుంది.

ఇంకో సంగతి. 'ఫలానా కంపెనీ బండి అయితే టెన్షన్ ఉండదు' అనే మాట సగమే నిజం. నమ్మకానికి మారుపేరుగా చెప్పుకునే టొయోటాలోనే 2019 తర్వాతి రావ్4 హైబ్రిడ్‌లో, వెనక మోటారుకు వెళ్లే హై వోల్టేజ్ కేబుల్ కనెక్టర్ తుప్పు పట్టే సమస్య వచ్చింది. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే ప్రాంతాల్లో అది ఎక్కువగా బయటపడింది. తుప్పు పట్టేది కనెక్టర్ దగ్గరే అయినా కేబుల్ మొత్తం మార్చాలి కాబట్టి బిల్లు బాగా పెద్దది. కంపెనీ తర్వాత దానికి వారంటీ పొడిగించింది. అందుకే పేరు చూసి కాకుండా ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ సంవత్సరం అని విడివిడిగా చూడాలి. ఒకే మోడల్‌లో పెట్రోల్ మాన్యువల్ నిక్షేపంగా ఉండొచ్చు, టర్బో ఆటోమేటిక్ ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేయొచ్చు.

ఆయిల్‌లో తిరిగే బెల్ట్

క్రాంక్‌షాఫ్ట్‌నీ, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌నీ ఒక లయలో తిప్పేది టైమింగ్ బెల్ట్ లేదా చైన్. మామూలు బెల్ట్ ఇంజన్‌కు ఒక పక్కన కవర్ కింద పొడిగా తిరుగుతుంది. ఇన్ని కిలోమీటర్లకు లేదా ఇన్నేళ్లకు మార్చాలని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మార్చకపోతే తెగుతుంది, తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. ఇది పాత మెకానిక్కులందరికీ తెలిసిన కథే.

కొత్త కథ వెట్ బెల్ట్‌ది. రాపిడి తగ్గించి మైలేజీ కాస్త పెంచుకోవడం కోసం రబ్బరు బెల్ట్‌ని ఇంజన్ లోపల, ఆయిల్‌లోనే తిరిగేలా పెట్టారు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ తొలి ఇంజన్లు, ప్యుజో, సిట్రోయెన్, ఓపెల్ బళ్లలో వచ్చిన 1.2 ప్యూర్‌టెక్ దీనికి పేరుమోసిన ఉదాహరణలు. సరైన గ్రేడు ఆయిల్ వేసి వేళకు మారుస్తూ ఉంటే బెల్ట్ బాగానే ఉంటుంది. కానీ రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోలు కలిసిన ఆయిల్‌లో నానిన బెల్ట్ ఉబ్బి, పగిలి, పొట్టు రాలుస్తుంది. ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. ఇక అక్కడి నుంచి ఆయిల్ ప్రెషర్ తగ్గి, టర్బో బేరింగు, క్యామ్‌షాఫ్టులు, క్రాంక్ బేరింగులు ఒకదాని వెనక ఒకటి అరగడం మొదలవుతుంది. అంటే బెల్ట్ తెగకుండానే ఇంజన్ పోవచ్చు. ప్యూర్‌టెక్‌లో ఈ పొట్టు బ్రేకులకు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు దాకా చేరి, పెడల్ గట్టిపడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. దానికి రీకాల్ కూడా జరిగింది.

2024లో ప్యూర్‌టెక్ ఇంజన్ల యజమాని సంస్థ స్టెల్లాంటిస్ యూరప్‌లో వాటి వారంటీని 10 ఏళ్లకు లేదా 1,75,000 కిలోమీటర్లకు పెంచింది. అయితే సర్వీసులు వేళకు జరిగినట్టు రుజువు కావాలి. రికార్డులు లేని బండి కొన్నవాడికి ఆ హామీ ఉన్నా లేనట్టే. ఫోర్డ్ విషయానికొస్తే, తర్వాతి 1.0 ఇంజన్లలో టైమింగ్‌కు చైన్ వచ్చినా ఆయిల్ పంపును తిప్పేది మాత్రం బెల్టే. అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్ట్‌లను 2023 చివర్లో ఆ బెల్ట్, దాని టెన్షనర్ కారణంగానే రీకాల్ చేశారు.

ఇందులో ఖర్చు తేడా గమనించండి. వెట్ బెల్ట్‌ను సమయానికి మార్పిస్తే అది మామూలు సర్వీసుకు కొన్ని రెట్లయ్యే పని. వదిలేస్తే ఇంజన్ ధర. రెంటికీ మధ్య ఉన్నది నాలుగైదేళ్ల నిర్లక్ష్యం, అది కూడా పాత యజమానిది. ప్యూర్‌టెక్‌లో ఒక సౌకర్యం ఏమిటంటే ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ వేస్తే బెల్ట్ కనిపిస్తుంది. అంచులు చీలి ఉన్నా, మీద పగుళ్లున్నా తెలిసిపోతుంది. ఉబ్బి వెడల్పయిందో లేదో కొలవడానికి ఒక గేజ్ కూడా ఉంది. అమ్మేవాడు మూత తియ్యనివ్వకపోతే అక్కడితో మాటలు ఆపేయడం మంచిది.

చైన్ ఉంటే ఏ బాధా లేదనుకోవడమూ పొరపాటే. చైన్ సాగుతుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ టిగ్వాన్ తొలి తరంలో వచ్చిన 2.0 టీఎస్‌ఐ ఇంజన్లకు ఈ టెన్షనర్ చేతిలోనే చెడ్డ పేరొచ్చింది. అది పట్టు వదిలితే చైన్ పళ్లు దాటుతుంది, ఆపైన వాల్వుల సంగతి చెప్పక్కర్లేదు. రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని శబ్దం వస్తే అది చైన్ దగ్గర్నుంచి కావచ్చు. అందుకే బండి చూడటానికి వెళ్లినప్పుడు బానెట్ మీద చెయ్యి పెట్టండి. ముందే వేడిగా ఉంటే, మీరు వచ్చేలోపు ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ఇంకో రోజు వస్తానని చెప్పండి.

పెట్రోలు ఆయిల్‌లో కలవడం బెల్టున్న ఇంజన్లకే పరిమితం కాదు. 2017, 2018 మోడల్ హోండా సీఆర్-వీ 1.5 టర్బోలో చలి ప్రాంతాల నుంచి ఈ ఫిర్యాదు ఎక్కువగా వచ్చింది. ఆయిల్ తగ్గాల్సింది పోయి డిప్‌స్టిక్ మీద పెరగడం, ఆయిల్ పెట్రోలు వాసన రావడం దీని గుర్తులు. హ్యుందాయ్, కియా థీటా 2 ఇంజన్లది వేరే తీరు. తయారీలో క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ దారుల్లో మిగిలిపోయిన లోహపు తునకలు బేరింగులకు ఆయిల్ అందకుండా చేశాయి. 2015లో మొదలైన రీకాల్ 2017లో ఎస్‌యూవీలకూ పాకింది. అమెరికాలో ఒప్పందంలో భాగంగా ఆ ఇంజన్ అడుగు భాగానికి జీవితకాల వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఇంజన్ ఉన్న బండికి రీకాల్ పని పూర్తయి, కొత్త ఇంజన్ పడి ఉంటే అది లోపం కాదు, లాభం. చాలామంది 'ఇంజన్ మార్చారట' అని వినగానే వెనక్కి తగ్గుతారు. ఎందుకు మార్చారో, ఎవరు మార్చారో కాగితాలు చూశాకే ఆ మాట అనుకోవాలి.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకోవడం కూడా మామూలే. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది కాబట్టి వాల్వులను కడిగేది ఉండదు. ఐడిల్‌లో వణుకు, పికప్ తగ్గడం దీని లక్షణాలు. మానిఫోల్డ్ ఊడదీసి శుభ్రం చేయిస్తే సరిపోతుంది, భయపడాల్సినంత ఖర్చు కాదు.

గేర్‌బాక్స్: అసలు డబ్బు ఇక్కడే

ఇంజన్ కంటే ఎక్కువ బళ్లను ఆర్థికంగా చంపేది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అని నా అభిప్రాయం. ఇంజన్ పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. గేర్‌బాక్స్ లోపలి పని చేసేవాళ్లు తక్కువ. దాంతో చిన్న లోపానికి కూడా 'యూనిట్ మార్చేద్దాం' అంటారు.

సీవీటీ అనే రకం ఆటోమేటిక్‌లో గేర్లు ఉండవు. రెండు శంకువుల్లాంటి పుల్లీల మధ్య ఒక స్టీలు బెల్ట్ నడుస్తుంది, పుల్లీలు దగ్గరవుతూ దూరమవుతూ నిష్పత్తి మారుస్తాయి. బెల్ట్ జారకుండా పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషర్. ఆయిల్ పాతబడి, లోహపు పొడి చేరితే ఆ ప్రెషర్‌ను నియంత్రించే వాల్వ్ బాడీ సరిగ్గా పనిచేయదు. బెల్ట్ క్షణకాలం జారుతుంది, జారిన చోట గీత పడుతుంది, గీతలోంచి ఇంకా పొడి రాలుతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వణుకు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తున్నా బండి కదలకపోవడం దీని గుర్తులు. నిస్సాన్ తన రోగ్ 2014 నుంచి 2018 మోడళ్లకు అమెరికాలో సీవీటీ వారంటీని 84 నెలలు లేదా 84,000 మైళ్ల వరకు పెంచింది. సుబారు కూడా అక్కడ తన సీవీటీ బళ్లలో చాలావాటికి వారంటీ పొడిగించింది. కంపెనీ వారంటీ పొడిగించిందంటే సమస్య ఉందని పరోక్షంగా ఒప్పుకున్నట్టే. కొనేవాడికి అంతకంటే మంచి సమాచారం దొరకదు.

కొన్ని కంపెనీలు గేర్‌బాక్స్ ఆయిల్ 'లైఫ్‌టైమ్' అని చెబుతాయి. ఎవరి లైఫ్‌టైమ్ అన్నది మాత్రం చెప్పవు. అదే మాన్యువల్‌లో వెనక పేజీల్లో, కష్టమైన పరిస్థితుల్లో నడిపితే ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని ఇంకో పట్టిక ఉండటం అరుదేం కాదు. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నడపడం, విపరీతమైన ఎండ, బరువు లాగడం అన్నీ ఆ పరిస్థితుల కిందికే వస్తాయి. అంటే దాదాపు అందరి వాడకమూ!

రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లలో ఆయిల్ తగలని డ్రై క్లచ్ రకం నగర ట్రాఫిక్‌కు సరిపడదు. ముందు బండికి అంగుళం అంగుళం దగ్గరగా పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టి సగం వదిలి రాసుకుంటూనే ఉంటుంది. ఫోర్డ్ వాడిన పవర్‌షిఫ్ట్ అనే గేర్‌బాక్స్ కథ ఇదే. ఆస్ట్రేలియాలో ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ యజమానుల ఫిర్యాదులను సరిగ్గా పట్టించుకోలేదని 2018లో అక్కడి కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ అని పిలిచే డ్యూయల్ క్లచ్‌లలో, 7 స్పీడ్ డ్రై రకంలో క్లచ్‌తో పాటు, మెకట్రానిక్ అనే నియంత్రణ యూనిట్ కూడా పోయేది. 2013లో ఆ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల బళ్లలో ఈ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చింది. వీటితో పోలిస్తే క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా శక్తి అందించే పాతకాలపు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ మైలేజీలో కొంచెం వెనకబడినా, ఆయిల్ మారుస్తూ ఉంటే మొండిగా నడుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో రెండూ ఒకే ధరకు దొరికితే నేను దీన్నే తీసుకుంటాను.

మాన్యువల్‌లోనూ ఒక దాగిన ఖర్చు ఉంది. చాలా డీజిళ్లలో, కొన్ని టర్బో పెట్రోళ్లలో కుదుపులు తగ్గించడానికి రెండు భాగాలుగా చేసిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. క్లచ్ సెట్ ధర చూసి సరేననుకుంటారు, గేర్‌బాక్స్ దించాక 'ఫ్లైవీల్ కూడా పోయింది సార్' అని ఫోన్ వస్తుంది. ఆ క్షణంలో బిల్లు రెట్టింపవుతుంది.

ఆల్ వీల్ డ్రైవ్ బళ్లలో వెనక చక్రాలకు శక్తి పంపే కప్లింగ్‌కు సొంత ఆయిల్ ఉంటుంది. అలాంటి కప్లింగుల్లో ఒకటైన హాల్డెక్స్ అయిదో తరం యూనిట్‌లో పంపు మీద ఒక జల్లెడ ఉంటుంది. కంపెనీ షెడ్యూల్ ఆయిల్ మార్చమంటుంది కానీ జల్లెడ శుభ్రం చేయడం గురించి చాలాచోట్ల పట్టించుకోరు. జల్లెడ పూడుకుపోతే పంపు కాలిపోతుంది, వెనక చక్రాలకు శక్తి అందడం ఆగిపోతుంది. పొడి రోడ్డు మీద నడిపేవాడికి ఏళ్ల తరబడి ఆ సంగతే తెలియకపోవచ్చు. నాలుగు టైర్లూ ఒకే బ్రాండా, అరుగుదల సమానంగా ఉందా అని కూడా చూడండి. ఒకటి కొత్తది, మూడు అరిగినవి ఉంటే చుట్టుకొలతలో తేడా వల్ల కప్లింగ్ ఎప్పుడూ జారుతూ వేడెక్కుతుంది.

డీజిల్ అయితే

డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ మంచిదా కాదా అన్నది ఇంజన్ కంటే, దాన్ని ఎలా వాడారన్న దాని మీద ఆధారపడుతుంది. పొగలోని మసిని పట్టుకునే డీపీఎఫ్ అనే ఫిల్టర్, సుమారు 600 డిగ్రీల వేడిలో ఆ మసిని తనంతట తానే కాల్చేసుకుంటుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. మధ్యలో ఆపేస్తే పని సగంలో ఆగుతుంది, మళ్లీ మళ్లీ ఆగితే పూడుకుపోతుంది. ఇక కట్టెల పొయ్యిలో లాగే, అంతా కాలిపోయాక కూడా బూడిద మిగులుతుంది. దాన్ని వేడితో పోగొట్టలేరు, ఫిల్టర్ విప్పి కడిగించాలి లేదా మార్చాలి. కొందరు డీపీఎఫ్ లోపలిది తీసేసి సాఫ్ట్‌వేర్‌తో మోసం చేయిస్తారు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. పొగ పరీక్షలో పట్టుబడితే మళ్లీ పెట్టించే ఖర్చు మీదే. రోజూ దగ్గరి దూరాలే తిరిగేవాళ్లకు డీజిల్ వద్దని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

భయపెట్టే శబ్దాలు, నిశ్శబ్దంగా పోయే వస్తువులు

గుంతల్లో టకటకమనే స్టెబిలైజర్ లింకులు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, వేగంతో పాటు పెరిగే వీల్ బేరింగు హోరు వింటే బండి ఊడిపోతుందేమో అనిపిస్తుంది. నిజానికి ఇవి అరిగి మార్చుకునే సామాన్లు. ఎత్తయిన బరువైన బండికి లక్ష కిలోమీటర్లు దాటాక ఇవి రావడం సహజం. బేరం ఆడటానికి పనికొస్తాయి, బండి వదులుకోవడానికి కాదు.

నిశ్శబ్దంగా పోయేవే ఖరీదు. పనోరమిక్ సన్‌రూఫ్‌కు నాలుగు మూలలా నీళ్లు పోయే సన్నటి పైపులుంటాయి. అవి దుమ్ముతో మూసుకుపోతే వాన నీరు పిల్లర్ల లోపలి నుంచి కార్పెట్ కిందికి చేరుతుంది. చాలా బళ్లలో సీటు కిందో, కాళ్ల దగ్గరో కంట్రోల్ మాడ్యూళ్లు, వైర్ల కనెక్టర్లు ఉంటాయి. అక్కడ పచ్చటి తుప్పు మొదలైతే ఒకరోజు లాక్ పనిచేయదు, మర్నాడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. ఎక్కడ లోపమో వెతకడానికే గంటలు పడుతుంది. కార్పెట్ మీద అరచేయి నొక్కి చూడండి, ముక్కవాసన వస్తుందేమో గమనించండి. ముందు అద్దం మార్పించారా అని కూడా అడగాలి. డ్రైవర్ సహాయ వ్యవస్థ కెమెరా ఆ అద్దం వెనకే ఉంటుంది, అద్దం మార్చాక దాన్ని కాలిబ్రేట్ చేయాలి. చేయకపోతే ఎమర్జెన్సీ బ్రేక్ తప్పుడు చోట చూస్తుంది.

రీకాల్ పనులు కంపెనీ ఖర్చుతోనే జరుగుతాయి కాబట్టి చాసిస్ నంబర్‌తో ముందే వెతకండి. టకాటా కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల లాంటివి మరీ ముఖ్యం. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకీ ఏళ్ల తరబడి గురైతే, ప్రమాదంలో బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు విసరగలదు. హ్యుందాయ్ టూసాన్ కొన్ని మోడళ్లను బ్రేకుల ఏబీఎస్ యూనిట్ షార్ట్ సర్క్యూట్ అయి మంటలు రావచ్చని ఆరుబయట పార్క్ చేయమని కంపెనీయే చెప్పింది. యజమాని మారినా రీకాల్ బండి వెంటే ఉంటుంది.

కొనే ముందు లెక్క

బండి ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకోకండి. రెండు ఖర్చులు విడిగా రాసుకోండి. మొదటిది కొన్న నెలలోనే చేయించాల్సినవి: ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, గడువు దాటిన బెల్ట్, అవసరమైతే టైర్లు. రికార్డు లేని పనిని జరగని పనిగానే లెక్కేయాలి. రెండోది ఆ ఇంజన్, గేర్‌బాక్స్ జంటకు రాగల అతి పెద్ద రిపేరు ఒక్కటి. అది బండి ధరలో మూడో వంతు దాటితే, ఆ రిస్కు తీసుకునేంత తక్కువ ధరకు ఆ బండి వస్తోందా అని చూసుకోవాలి. అంచనాకు ఒక షోరూమ్ సర్వీస్ సెంటర్‌నీ, ఒక బయటి గ్యారేజీనీ ఫోన్‌లోనే అడగొచ్చు. పార్టు ధరతో పాటు లేబర్ ఎన్ని గంటలు, సాఫ్ట్‌వేర్ కోడింగ్ విడిగా ఉంటుందా అని అడగండి. కొత్త యూనిట్, రీకండిషన్ చేసింది, పాత బండి నుంచి తీసింది, మూడింటి ధరలూ వేరుగా ఉంటాయి. లేబర్ మాత్రం దాదాపు ఒకటే. అందుకే వారంటీ లేని పాత గేర్‌బాక్స్ వేయించుకుని అది మళ్లీ పోతే రెండు లేబర్లు కట్టినట్టవుతుంది.

మీ మెకానిక్ చేత స్కానర్ పెట్టించండి. ఎర్రర్ కోడ్‌లు లేవంటే సంతోషపడొద్దు, వాటిని చెరిపేయడం నిమిషం పని. కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు, స్కానర్ చదివే ఓబీడీ అనే వ్యవస్థలో ఉంటాయి. కోడ్‌లు చెరిపినా, బ్యాటరీ తీసినా అవి మొదటికొస్తాయి, మళ్లీ పూర్తవడానికి కొన్ని రోజుల డ్రైవింగ్ కావాలి. అన్నీ 'పూర్తికాలేదు' అని చూపిస్తుంటే నిన్నో మొన్నో ఎవరో ఏదో దాచారని అనుమానించవచ్చు. బ్యాటరీ కొత్తదైతే బిల్లు చూపించమనండి. చూపిస్తే సరే, లేకపోతే వారం పోయాక వచ్చి, అదే బండికి మళ్లీ స్కానర్ పెట్టించండి.